యాపిల్ సైడర్ వెనిగర్‌తో జుట్టు కడగడం: బోరు నీళ్ళున్న ఇంట్లో ఎంత, ఎప్పుడు, ఎవరికి వద్దు

అడిగినావిడ రాసిన వివరాలు క్లుప్తంగా ఇవి. సొంతూరు రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. నిజాంపేటలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. నడుము దాకా ఉన్న జుట్టు వచ్చిన ఏడాదిలోనే పీచులా తయారైంది. వీడియోలు చూసి ‘మదర్’ (అడుగున మడ్డిలా కదిలే తెట్టు) ఉన్న యాపిల్ సైడర్ వెనిగర్ కొన్నారు. లీటరు మగ్గులో అర కప్పు కలిపి, వారానికి మూడుసార్లు తలంతా పోసుకుని, ఇరవై నిమిషాలు ఉంచి కడుగుతున్నారు. మొదట్లో జుట్టు నున్నగా మెరిసింది. ఇప్పుడు మాడు మంట, దురద, భుజాల మీద తెల్లటి పొట్టు. మోతాదు పెంచాలా, ఆపేయాలా? చుండ్రుకీ, జుట్టు ఊడటానికీ ఇది పనిచేస్తుందా? వాళ్ళమ్మగారేమో కుంకుడుకాయలే వాడమంటున్నారు, ఆ మాట వినాలా?

షాంపూలు, కండిషనర్లు తయారుచేసే ల్యాబుల్లో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఇందులో ఏది పనిచేస్తుందో, ఏది ఊరికే ప్రచారమో కొంత వివరంగానే చెప్పగలను.

ముందు ఆపండి. పెంచడం మాట అసలు వద్దు. మాడు మీద మంట పూర్తిగా తగ్గి, దువ్వెన తగిలినా చురుక్కుమనకుండా ఉండే వరకూ వెనిగర్ ముట్టుకోకండి. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా మామూలు షాంపూ, చివర్లకి కండిషనర్, అంతే. నూనె పెట్టి తగ్గిద్దామని కూడా చూడొద్దు, పొట్టు రాలే మాడుకి నూనె కొన్నిసార్లు ఇంకా కష్టం చేస్తుంది.

మీరు పోసుకున్నది ఎంత ఘాటో ఒకసారి లెక్క చూద్దాం. సీసాలో వెనిగర్‌కి సుమారు 5 శాతం ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది. అర కప్పు అంటే 120 మి.లీ. అటూ ఇటూ. దాన్ని లీటరులో కలిపితే యాసిడ్ అర శాతం పైనే. వినడానికి తక్కువే. కానీ 2019లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్యులు సరిగ్గా ఈ అర శాతాన్నే పరీక్షించారు. 22 మంది ఒక చేతిని నీళ్ళలో, ఇంకో చేతిని అర శాతం యాసిడ్ ఉండేలా పలచన చేసిన యాపిల్ సైడర్ వెనిగర్‌లో రోజూ పది నిమిషాలు, పద్నాలుగు రోజులు నానబెట్టారు. వాళ్ళలో సగం మంది ఎగ్జిమా ఉన్నవాళ్ళు, సగం మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. చర్మానికి మేలేమీ కనిపించలేదు సరికదా, 16 మందికి చర్మం మండింది, చిరచిరలాడింది. మీరు పెట్టింది ముంజేతి మీద కాదు, ఇరవై నిమిషాలు, మాడు మీద. మంట పుట్టడంలో వింతేమీ లేదు. ఆ పొట్టు చుండ్రు కాకపోవచ్చు, యాసిడ్‌కి ఒరిసిపోయిన చర్మం కావచ్చు. ఆ సంగతి కిందకి వస్తాను.

మరి మొదట్లో ఎందుకు మెరిసింది? ఇక్కడ అబద్ధమేమీ లేదు, నిజంగానే మెరుస్తుంది. ఎందుకో తెలిస్తే ఎంత వాడాలో, ఎప్పుడు అక్కర్లేదో కూడా తెలిసిపోతుంది.

వెనిగర్‌తో జుట్టు కడగడం యూరప్, అమెరికాల్లో సబ్బు కాలం నాటి అలవాటు. అప్పుడు తలకి కూడా సబ్బే. సబ్బు క్షారం, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7కి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 9 నుంచి 10 దాకా ఉంటుంది. పైగా కఠినజలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో కలిస్తే విరిగిపోయి తెల్లటి జిగురు తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున పేరుకునే మడ్డి అదే. అది వెంట్రుకల మీద పట్టుకుంటే జుట్టు బిరుసెక్కి, మసకబారి, దువ్వెన దిగదు. పుల్లటిది ఏదైనా పోస్తే ఆ తెట్టు విడిపోతుంది, వెనిగర్ అయినా నిమ్మరసమైనా సరే. అందుకే వాళ్ళ ఇళ్ళల్లో తలస్నానం ఆఖర్న వెనిగర్ నీళ్ళు పోసుకోవడం తప్పనిసరిగా ఉండేది. 1934లో డ్రీన్ అనే షాంపూ వచ్చింది. సబ్బు లేకుండా కృత్రిమ డిటర్జెంట్‌తో చేసినది. ఇలాంటి షాంపూలు కఠినజలంలో కూడా ఆ తెట్టు కట్టవు. షాంపూలు ఇంటింటికీ చేరాక వెనిగర్ అవసరం చాలావరకు పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పుడు వీడియోల్లో పునర్జన్మ ఎత్తింది.

షాంపూ వాడుతున్నా మీకు తేడా కనిపించిందంటే కారణం మీ బోరు నీళ్ళు. వెంట్రుక ఉపరితలం మీద స్వల్పంగా ఋణావేశం ఉంటుంది. నీళ్ళలోని కాల్షియం ధనావేశం. ప్రతి తలస్నానానికీ కొంచెం కొంచెంగా వెంట్రుకకి అంటుకుంటుంది. రంగు వేసిన జుట్టు, స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టు, ఏళ్ళనాటి పాత చివర్లు దెబ్బతిని ఉంటాయి కాబట్టి అవి ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. మీ నడుము దగ్గరి వెంట్రుక వయసు నాలుగైదేళ్ళు, అదంతా ఊళ్ళో గోదావరి నీళ్ళతో పెరిగినది. ఇక్కడికొచ్చాక బోరు నీళ్ళు తగిలేసరికి చివర్లు ముందుగా గరుకెక్కడం సహజం. యాసిడ్ తగిలితే ఆ కాల్షియం కొంత ఊడి వస్తుంది. అదొకటి. రెండోది, వెంట్రుకకి తన సహజ పీహెచ్ 3.7 దగ్గర ఉంటుంది, మాడుకి 5.5 దగ్గర. చుట్టూ ఉన్న నీరు అంతకన్నా క్షారంగా ఉంటే వెంట్రుక కొంచెం ఉబ్బి, పైనున్న పొలుసులు లేచి, ఒకదానికొకటి రాసుకుంటాయి. నీరు ఆమ్లం వైపు జరిగితే ఆ పొలుసులు మళ్ళీ చదునుగా సర్దుకుంటాయి. వెలుతురు చదునైన ఉపరితలం మీద పడితే మెరుపు. అంతకు మించి ఇందులో మాయ లేదు. వెంట్రుక లోపలికి ‘పోషణ’ ఏదీ పోదు, వెంట్రుక బతికున్న కణజాలమే కాదు.

కాబట్టి వెనిగర్‌ని నేను జుట్టు మందుగా లెక్కపెట్టను. అది మీ నీళ్ళకి విరుగుడు. నీళ్ళు మంచివైతే దాని అవసరం చాలా తక్కువ. మీ రాజమండ్రిలో ఇదే పని చేస్తే తేడా కనిపించేది కాదేమో.

ఇంకో మాట. సీసాలో వచ్చే కండిషనర్ చాలావరకు ఆమ్లమే, పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 4.5 మధ్యలో పెడతాం. దాంట్లో సెట్రిమోనియం క్లోరైడ్, బెహెన్‌ట్రిమోనియం క్లోరైడ్ లాంటివి ఉంటాయి. ఇవి ధనావేశం ఉన్నవి కాబట్టి వెంట్రుకకి అంటుకుని సన్నటి పొరలా నిలబడతాయి. వెనిగర్ కడిగితే పోతుంది, ఇవి మిగులుతాయి. ‘సహజం’ అన్న మాట కోసం కండిషనర్ మానేసి వెనిగర్ పట్టుకునేవాళ్ళు ఎక్కువ పనిచేసేదాన్ని వదిలి తక్కువ పనిచేసేదాన్ని పట్టుకుంటున్నారు. షాంపూల విషయానికొస్తే, 2014లో బ్రెజిల్‌లో 123 షాంపూల పీహెచ్ కొలిస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవి 38 శాతమే తేలాయి. సెలూన్లలో వాడే రకాల్లో మాత్రం నాలుగింట మూడు వంతులు ఆ హద్దులో ఉన్నాయి. అంటే షాంపూ కాస్త ఎక్కువ పీహెచ్‌లో ఉన్నా తర్వాత కండిషనర్ దాన్ని సరిచేస్తుంది. వెనిగర్ ఆ రెండింటి మధ్యకి వచ్చే మూడో మనిషి, అవసరమైనప్పుడే పిలవాలి.

ఇప్పుడు మోతాదు. ఇక్కడ చాలామంది ఒక సంగతి గమనించరు. ఎసిటిక్ యాసిడ్ బలహీనమైన ఆమ్లం. దాన్ని పదిరెట్లు పలచన చేసినా పీహెచ్ అర పాయింటు మాత్రమే పెరుగుతుంది. అందుకే ‘ఎక్కువ పోస్తే ఎక్కువ పని’ అనేది ఇక్కడ కుదరదు. ఎక్కువ పోస్తే పీహెచ్ పెద్దగా మారదు, చర్మానికి తగిలే యాసిడ్ మాత్రం పెరుగుతుంది. ఫలితం అదే, మంట ఎక్కువ.

మీ బోరు నీళ్ళలో ఇంకో మలుపు ఉంది. కఠినజలంలో బైకార్బొనేట్ ఉంటుంది, అది పోసిన యాసిడ్‌లో కొంత భాగాన్ని తినేస్తుంది. ఉదాహరణకి క్షారత (యాసిడ్‌ని ఇలా తినేసే గుణం) లీటరుకి 300 మి.గ్రా. ఉన్న నీళ్ళు అర లీటరు తీసుకుని ఒక టేబుల్ స్పూన్, అంటే 15 మి.లీ., వెనిగర్ కలిపితే పీహెచ్ 4.2 దగ్గర ఆగుతుంది. జుట్టుకి కావలసింది దాదాపు అంతే. అదే టేబుల్ స్పూన్ ఆర్వో నీళ్ళలో కలిపితే 3.2 దగ్గరకి పడిపోతుంది. కాబట్టి ఫిల్టర్ నీళ్ళతో కలిపేవాళ్ళు అర లీటరుకి ఒక టీస్పూన్ దాటక్కర్లేదు. అనుమానముంటే పీహెచ్ కాగితాలు ల్యాబ్ సామాను దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. ఒక పట్టీ ముంచి 4కీ 5కీ మధ్య రంగు వస్తే చాలు.

మాడు మానాక మీరు చేయాల్సిన పద్ధతి ఇది. అర లీటరు బోరు నీళ్ళు, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్. వారానికి ఒక్కసారి, జుట్టు బాగుంటే రెండు వారాలకి ఒకసారి. షాంపూ పూర్తిగా కడిగేశాక తల ముందుకి వంచి, చెవుల దగ్గర నుంచి కిందికి మాత్రమే పోయండి. మాడు మీద వద్దు. వేళ్ళతో జుట్టు పాయలు పాయలుగా తడిమితే కాసేపటికే ఆ గరుకుతనం తగ్గడం చేతికి తెలుస్తుంది, తడి జుట్టు మీద వేళ్ళు జారుతాయి. ఒకటి రెండు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు ఉంచినందువల్ల అదనంగా వచ్చేదేమీ లేదు. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి, చివర్లకి కండిషనర్ పెట్టండి. ఆఖరి కడుగుడికి ఒక లీటరు ఫిల్టర్ నీళ్ళు పోసుకోగలిగితే ఇంకా మంచిది, లేదంటే అదే బోరు నీళ్ళు మళ్ళీ కాల్షియం పెట్టి పంపిస్తాయి. వాసన గురించి దిగులు వద్దు, ఎసిటిక్ యాసిడ్ ఆవిరైపోయే రకం, జుట్టు ఆరేసరికి వాసన కూడా పోతుంది. కంట్లో పడితే మాత్రం నలపకుండా పది పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు కొట్టండి, ఎర్రదనం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కలిపిన నీళ్ళు సీసాలో పోసి నెలంతా వాడుకుందామనుకోవద్దు. చిక్కటి వెనిగర్ పాడవదు, పలచన చేసింది పాడవుతుంది. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి.

ఏళ్ళ తరబడి పేరుకున్న కాల్షియాన్ని వెనిగర్ ఒక్కటే తీసేస్తుందని కూడా అనుకోకండి. దాన్ని పట్టుకుని లాగే శక్తి ఎసిటిక్ యాసిడ్‌కి తక్కువ. సిట్రిక్ యాసిడ్‌కి, అంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుకి, కొంచెం ఎక్కువ. ఈడీటీఏ ఉన్న షాంపూలకి ఇంకా ఎక్కువ. సీసా మీద ‘చీలేటింగ్’ అనో ‘హార్డ్ వాటర్’ అనో రాసి ఉంటుంది, వెనక పదార్థాల జాబితాలో డైసోడియం ఈడీటీఏ లేదా టెట్రాసోడియం ఈడీటీఏ ఉందో లేదో చూసుకోండి. రెండు మూడు వారాలకి ఒకసారి దానితో కడిగితే, వెనిగర్ లేకుండానే మీ సమస్యలో ఎక్కువ భాగం తీరుతుంది. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే దాన్నే ఎంచుకుంటాను. నిమ్మ ఉప్పు వాడాలనుకుంటే లీటరు బోరు నీళ్ళకి ఒక గ్రాము, అంటే చిటికెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే. నేరుగా నిమ్మకాయ పిండుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఆ రసం మెడ మీదకి, నుదుటి మీదకి కారి, దాంతో ఎండలోకి వెళితే చర్మం కాలినట్టయి నల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలు నెలల తరబడి పోవు.

అమ్మగారి కుంకుడుకాయల సంగతి. ఆవిడ చెప్పినదాంట్లో చాలా సబబు ఉంది. కుంకుడు నురగ సాపోనిన్ల వల్ల వచ్చేది, సబ్బు కాదు. కఠినజలంలో సబ్బులా తెట్టు కట్టదు. రసం స్వభావం కూడా కొంచెం ఆమ్లం వైపే, శీకాయదీ అంతే. కాబట్టి కుంకుడుతో తలంటుకున్న రోజు వెనిగర్ అసలు అక్కర్లేదు, పుల్లటి దాని మీద మళ్ళీ పులుపు పోసినట్టవుతుంది. మన ఇళ్ళల్లో తలకి పుల్ల మజ్జిగో, పెరుగో, తరవాణో పట్టించడం వెనక కూడా ఇదే ఆమ్లం ఉంది. అక్కడ ఎసిటిక్ బదులు లాక్టిక్ ప్రధానం, మాడుకి అది కాస్త నెమ్మది. అయితే ఆవిడ మాటకి రెండు సవరణలు. ఇప్పటికే పట్టిన కాల్షియాన్ని కుంకుడు తీయదు. ఇంకొకటి, మాడు మండుతున్నప్పుడు కుంకుడు పులుసుతో గట్టిగా రుద్దితే ప్రాణం పోతుంది. అది మానేదాకా ఆగమని అమ్మకి చెప్పండి. తర్వాత ఆదివారం కుంకుడు, మధ్యలో ఒకరోజు షాంపూ అని పెట్టుకోవచ్చు. నురగ కంట్లో పడకుండా చూసుకోవడం ఎలాగో ఆవిడకి నా కన్నా బాగా తెలుసు.

సబ్బుతో తల రుద్దుకునే మగవాళ్ళకీ, వంటసోడాతో కడుక్కునేవాళ్ళకీ మాత్రం వెనిగర్ రిన్స్ ఇప్పటికీ పాత రోజుల్లో లాగే పనిచేస్తుంది. కానీ వాళ్ళకి నా సలహా వెనిగర్ కొనమని కాదు, ఆ సబ్బూ సోడా మానమని.

చుండ్రు. ఇది మలసేజియా అనే ఈస్ట్ మాడు మీది నూనెని తిని పెరగడం వల్ల, దానికి చర్మం స్పందించడం వల్ల వచ్చేది. ఆమ్లం పోస్తే ఫంగస్ చచ్చిపోతుందని వీడియోల్లో చెప్తారు. మాడు ఎలాగూ ఆమ్లంగానే ఉంటుంది, అది అక్కడే హాయిగా బతుకుతోంది. ఇంకొంచెం పులుపుకి పారిపోయే రకం కాదు. దానికి పనిచేస్తాయని తేలినవి వేరే ఉన్నాయి: మందుల షాపులో దొరికే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ, సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్. కీటోకొనజోల్ అయితే వారానికి రెండుసార్లు, నురగ మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, నాలుగు వారాల పాటు. రాసిన వెంటనే కడిగేసి ‘పనిచేయలేదు’ అనేవాళ్ళే ఎక్కువ. మీ పొట్టు ఏ రకమో ఇలా చూడండి: పసుపు ఛాయలో జిడ్డుగా, గోటికి అంటుకునేలా ఉంటే చుండ్రు కావచ్చు. పొడిగా, సన్నగా, తెల్లగా రాలిపోతూ, వెనిగర్ మొదలుపెట్టాకే వచ్చి ఉంటే అది యాసిడ్ దెబ్బ అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటిదైతే వెనిగర్ మానితే అదే పోతుంది. మందపాటి పెచ్చులు కట్టి, చెవుల వెనకకీ నుదుటి అంచుకీ పాకుతుంటే అది సోరియాసిస్ కూడా కావచ్చు. ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మవైద్యులకి చూపించండి.

జుట్టు ఊడటానికి వెనిగర్ ఏమీ చేయదు. ఇది కటువుగా ఉన్నా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ ఒక్క ఆశతోనే జనం మోతాదు పెంచుకుంటూ పోతారు. ముందు మీకు ఊడుతోందా, తెగుతోందా అన్నది తేల్చుకోండి. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు ఒక పదిహేను ఏరి, తెల్ల కాగితం కాకుండా నల్లటి గుడ్డ మీద పరవండి. ఒక కొసన గుండుసూది తలకన్నా చిన్న తెల్లటి బొడిపె కనిపిస్తే అది కుదురు నుంచి వచ్చింది. రెండు కొసలూ ఒకేలా ఉండి, పొడవు కూడా మీ జుట్టు కన్నా బాగా తక్కువైతే అది మధ్యలో తెగింది. తెగడం అయితే గరుకుతనం, చిక్కులు, నీళ్ళు అన్నీ కారణాలే. అక్కడ వెనిగర్, కండిషనర్, చీలేటింగ్ షాంపూ అన్నీ ఏదో ఒక మేరకి సాయపడతాయి. కుదురు నుంచి ఊడుతుంటే కారణం లోపల ఉంది. రోజుకి 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. అంతకన్నా బాగా ఎక్కువైతే రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళి చూసుకోండి: డెంగీయో టైఫాయిడో వచ్చిందా, కాన్పయిందా, కఠినంగా డైటింగ్ చేశారా? హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

ఊరు మారగానే జుట్టు ఊడితే అందరూ నీళ్ళనే తిడతారు. 2013లో కోయంబత్తూరు వైద్యులు 15 మంది వెంట్రుకల్ని రెండు ముక్కలు చేసి, ఒకటి కఠినజలంలో, ఇంకొకటి స్వేదనజలంలో ఉంచి కొలిచి చూశారు. లాగితే తెగే బలంలో గానీ, సాగే గుణంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత జరిగిన కొన్ని పరీక్షల్లో బలం తగ్గిందనే తేలింది. అంటే వెంట్రుక మీద ప్రభావం గురించే ఇంకా వాదన ఉంది. ఇక కుదుళ్ళ దాకా నీళ్ళ పాపం చేరుతుందని చెప్పడానికి ఆధారం కనపడదు. హాస్టల్ భోజనం, నైట్ షిఫ్టులు, సరిగ్గా లేని నిద్ర మీద కూడా కాస్త అనుమానం పెట్టుకోండి.

సీసా ఎంపికలో డబ్బు తగలేయకండి. అడుగున మడ్డిలా కదిలే ‘మదర్’ అంటే బ్యాక్టీరియా, సెల్యులోజ్ కలిసిన తెట్టు. తాగేవాళ్ళ వాదనలు ఎలా ఉన్నా, జుట్టుకి దానివల్ల లాభం ఉందని ఎక్కడా తేలలేదు. పైగా వెంట్రుకల్లో నూగులా చిక్కుకుంటుంది, పల్చటి గుడ్డలో వడకట్టుకోవాలి. జుట్టు మీద పనిచేసేది యాసిడ్ కాబట్టి వంటకి వాడే మామూలు తెల్ల వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది. లేబుల్ మీద యాసిడ్ శాతం చూసుకోండి, 4 ఉంటే పైన చెప్పిన కొలత కాస్త పెంచుకుంటే సరిపోతుంది. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ మాత్రం ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా ఇంట్లోకి తేవద్దు. అది దాదాపు నూరు శాతం, చర్మాన్ని కాల్చేస్తుంది. మామూలు వెనిగర్ అయినా పలచన చేయకుండా పెడితే తక్కువేం కాదు. ముక్కు మీది పుట్టుమచ్చలు పోవాలని యాపిల్ సైడర్ వెనిగర్ పెట్టుకున్న 14 ఏళ్ళ అమెరికన్ అమ్మాయికి చర్మం కాలి పుండ్లు పడ్డ ఉదంతాన్ని 2015లో వైద్యులు ప్రచురించారు.

దీన్ని కలిపే గిన్నె కూడా చూసుకోవాలి. రాగి చెంబు, ఇత్తడి చెంబు వద్దు. యాసిడ్‌కి రాగి కరిగి నీళ్ళలోకి వస్తుంది, అది వెంట్రుకకి పట్టుకుంటే కాల్షియం కన్నా ఎక్కువ చేటు. ప్లాస్టిక్ మగ్గు లేదా స్టీలు గిన్నె మేలు. బాత్రూంలో కడప రాయో, తాండూరు రాయో, బేతంచెర్ల రాయో పరిచి ఉంటే పోసిన వెంటనే నీళ్ళు కొట్టి కడిగేయండి. అవన్నీ సున్నపురాళ్ళే, రోజూ వెనిగర్ పడితే నునుపు పోయి మచ్చలు తేలతాయి. పాలరాయి కూడా అంతే. గ్రానైట్‌కి, టైల్స్‌కి భయం లేదు.

ఎవరికి అసలు వద్దంటే: మాడు మీద ఎగ్జిమా, సోరియాసిస్, పుండ్లు, గోకుడు గాయాలు ఉన్నవాళ్ళకి, పసిపిల్లలకి, తిరుపతిలో గుండు చేయించుకుని రెండు రోజులు కూడా కానివాళ్ళకి. కత్తి గాట్లు కంటికి కనిపించవు, వెనిగర్‌కి మాత్రం తెలుస్తాయి. కెరటిన్, స్మూతెనింగ్ చేయించుకున్నవాళ్ళు వాళ్ళిచ్చిన షాంపూ కండిషనర్లకే కట్టుబడండి, మధ్యలో ఇది దూర్చకండి. రంగు వేయించుకున్నవాళ్ళు పైన చెప్పిన పలచటి కొలతలో వాడితే నష్టం లేదు, కానీ రంగుతో పాటు డబ్బాలో వచ్చే కండిషనర్ సాధారణంగా ఆ పనే చేస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. లండన్‌లో, ఫీనిక్స్‌లో నల్లా నీళ్ళే కఠినం, పైన చెప్పినదంతా వాళ్ళకీ వర్తిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో, గ్లాస్గో లాంటి చోట్ల నీళ్ళు మెత్తనివి. అక్కడ వెనిగర్‌తో పని లేదు.

ఆఖరుగా నీళ్ళ సంగతి. మీరు టీడీఎస్ 900 అని రాశారు. అది కఠినత్వం కాదు, నీళ్ళలో కరిగిన అన్ని లవణాల మొత్తం. అందులో మామూలు ఉప్పు కూడా ఉంటుంది. మీకు కావలసింది టోటల్ హార్డ్‌నెస్. ఆక్వేరియం దుకాణాల్లో చుక్కలు వేసి చూసే కిట్ దొరుకుతుంది, ల్యాబ్‌కి ఒక బాటిల్ నీళ్ళు ఇచ్చినా చెప్తారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మి.గ్రా. వరకు బాగున్నట్టు, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. ఇంట్లోనే అంచనాకి: అర లీటరు సీసాలో మీ బోరు నీళ్ళు, ఇంకో దాంట్లో ఆర్వో నీళ్ళు సగం సగం పోసి, చెరో చిన్న సబ్బు ముక్క గీకి వేసి గట్టిగా కుదపండి. ఆర్వో నీళ్ళలో నురగ నిలబడి, బోరు నీళ్ళలో నురగ లేకుండా తెల్లటి తరకలు తేలితే సమాధానం దొరికినట్టే.

షవర్‌కి తగిలించే ఫిల్టర్లు కొనేముందు ఆగండి. వాటిలో చాలావరకు క్లోరిన్ తగ్గిస్తాయి, కాల్షియాన్ని ముట్టుకోవు. బోరు నీళ్ళలో క్లోరిన్ ఎలాగూ ఉండదు. ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్ళు బకెట్‌లో పట్టి స్నానానికి వాడేవాళ్ళు ఉన్నారు. ఇల్లు తుడవండి, తలకి మాత్రం వద్దు, అందులో లవణాలు అసలు నీళ్ళ కన్నా ఎక్కువ. గీజర్ నీళ్ళు బాగా వేడిచేసి, బకెట్‌లో పట్టి చల్లారనిచ్చి, అడుగున తెల్లటి పొడి దిగాక పైన నీళ్ళు వాడుకుంటే కఠినత్వం కొంత తగ్గుతుంది. అయితే అన్ని లవణాలూ అలా దిగవు.

అసలు పరిష్కారం సాఫ్ట్‌నర్, అంటే రెసిన్‌తో కాల్షియాన్ని పట్టి సోడియాన్ని వదిలే యంత్రం. మీ అపార్ట్‌మెంట్‌లో అది ఇప్పటికే ఉండే అవకాశం ఉంది. చాలాచోట్ల సంప్ పక్క గదిలో ఉంటుంది, కానీ రెసిన్‌ని మళ్ళీ పనిలోకి తేవడానికి వారం వారం వేయాల్సిన ఉప్పు ఎవరూ వేయరు. ఉప్పు అయిపోయిన సాఫ్ట్‌నర్ ఉన్నా లేనట్టే, నీళ్ళు లోపలికి ఎలా వెళ్ళాయో అలాగే బయటికి వస్తాయి. ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో ఆ ఒక్క ప్రశ్న వేయండి: సాఫ్ట్‌నర్‌లో ఉప్పు ఆఖరిసారి ఎప్పుడు వేశారు, ఎన్ని కిలోలు వేశారు?